లోహితాస్యుడు కదలకూడదు

ఏరా అబ్బాయ్, నీ కొడుకుని సినిమాల్లో పెడదామనుకుంటున్నావట. పెట్టు, ఎవరొద్దన్నారు? వాడి ఫొటోలు ఎక్కడెక్కడికో పంపావనీ, ఎవరో ఆడిషన్‌కి రమ్మన్నారనీ, వాడు హీరో డైలాగు చెప్పిన వీడియో లక్ష మంది చూశారనీ మీ ఆవిడ మురిసిపోతూ చెప్పింది. లక్ష మంది చూస్తే చూశారు గానీ, వాడికి ఏం వచ్చు? ఆ మాట అడిగితే మొగుడూ పెళ్లాలిద్దరూ నావంక వింతగా చూశారు. "వాడికి ఏం రావాలి తాతగారూ, వాడు నేచురల్" అన్నావు నువ్వు.

ఐదేళ్లవాడు నేచురల్‌గా కాక మరెలా ఉంటాడురా? ఏడుపొస్తే ఏడుస్తాడు, నవ్వొస్తే నవ్వుతాడు. ఏడుపు రానప్పుడు ఏడవడం, నవ్వొస్తున్నప్పుడు ఆపుకోవడం, అదీ నటన. అది ఒకరు కూర్చోబెట్టి నేర్పితే వస్తుంది. మా రోజుల్లో నేర్పేవాళ్లుండేవాళ్లు. నేర్చుకునేదాకా తెర వెనకాలే నిలబెట్టేవాళ్లు. ఇప్పుడేమో పిల్ల పుట్టీ పుట్టగానే మొహం ముందు కెమెరా. నడక రాకముందే నటన వచ్చేసిందని తల్లిదండ్రులు ఊరంతా చాటుతున్నారు.

మా వైపు, అంటే కాకినాడ చుట్టుపక్కల పల్లెల్లో, పిల్లవాడికి ఇచ్చే మొదటి వేషం లోహితాస్యుడు. హరిశ్చంద్ర నాటకం ఆడని ఊరుండేది కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం పెద్దవాళ్లకి నోటికి వచ్చు. అరుగు మీద కూర్చుని ఒకాయన పద్యం ఎత్తుకుంటే, గొడ్లకి గడ్డి వేస్తున్నవాడు రెండో పాదం అందుకునేవాడు. శ్రీరామనవమికో, సంక్రాంతికో, తీర్థానికో నాటకం వెయ్యాలని ఊళ్లో అనుకోగానే మొదట పుట్టే ప్రశ్న హరిశ్చంద్రుడెవడని కాదు. హరిశ్చంద్రుణ్ణి డబ్బిచ్చి పై ఊరినుంచి తెప్పించుకోవచ్చు. లోహితాస్యుడెవడు? వాణ్ణి మాత్రం ఊళ్లోనే తయారు చేసుకోవాలి.

తయారుచేసే పని హార్మోనియం మాస్టారిది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చంకలో కండువాతో ఉండేవాడాయన. పిల్లవాణ్ణి తెచ్చి అప్పగిస్తే వెంటనే పాడించేవాడు కాదు. ముందు కొన్నాళ్లు కూర్చుని వినమనేవాడు. పెద్దవాళ్ల రిహార్సలు జరుగుతుంటే మూల చాప మీద కూర్చోవాలి, మాట్లాడకూడదు. ఎవరికైనా మంచినీళ్లు కావాలంటే లేచి ఇవ్వాలి. ఆ తరవాత శ్రుతి. పెట్టె మీద ఒక మెట్టు నొక్కి పట్టుకుని, గొంతు దాంతో కలిసేదాకా వదిలేవాడు కాదు. శ్రుతి కుదిరాక పద్యం. అదీ ముందు రాగంతో కాదు, వట్టి మాటలుగా. ప్రతి మాటకీ అర్థం చెప్పించేవాడు. ఎక్కడ విరవాలో, ఎక్కడ కలపాలో చెప్పేవాడు. అర్థం తెలియకుండా పద్యం పాడితే ఆయనకి ఒళ్లుమండేది.

గొంతు పెంచడానికి చెరువుగట్టుకి తీసుకెళ్లేవాడు. పిల్లవాణ్ణి ఈ గట్టున నిలబెట్టి, తను నడుచుకుంటూ ఆ గట్టుకి పోయి, "ఊఁ" అనేవాడు. వాడు డైలాగు చెప్పాలి. అరవకూడదు, చెప్పాలి. వినపడకపోతే మాస్టారు అక్కడినుంచి చెయ్యి ఊపేవాడు, మళ్లీ మొదటినుంచి. మైకులు లేని కాలం అది. నాటకం చూడటానికి వచ్చే జనంలో చిట్టచివర చాప పరుచుకుని కూర్చునే ముసలమ్మకి కూడా లోహితాస్యుడు "అమ్మా" అన్న మాట తెలియాలి. ఆ మాట చెవిన పడితేనే ఆవిడ ఏడుస్తుంది.

అసలు కష్టం చచ్చిపోయాక మొదలు. కథ నీకు తెలుసో తెలీదో, మీకు ఇప్పుడు ఎవరు చెబుతున్నారు గనక! కాలకౌశికుడి ఇంట్లో దాసీగా ఉన్న చంద్రమతి కొడుకు సమిధలకని అడవికి పోయి పాము కరిచి చచ్చిపోతాడు. ఆవిడ ఆ శవాన్ని శ్మశానానికి మోసుకొస్తుంది. అక్కడ కాటికాపరిగా ఉన్నవాడు ఆవిడ మొగుడు హరిశ్చంద్రుడే. ఇక పద్యాలు. చంద్రమతి పద్యాలు, హరిశ్చంద్రుడి పద్యాలు, మధ్యలో రాగాలు. అంతసేపూ లోహితాస్యుడు తల్లి ఒళ్లో శవంగా పడుకుని ఉండాలి. రెండు పక్కలా పెట్రోమాక్సు లైట్లు, వాటికి ముసిరే పురుగులు. అవి వచ్చి మొహం మీద వాలతాయి, ముక్కు మీద పాకుతాయి. కదలకూడదు. కనురెప్ప అదరకూడదు. మొహానికి పూసిన అర్దళం చెమటకి కరిగి కంటి కొసల్లోకి జారుతుంది. చెయ్యి ఎత్తకూడదు. కడుపు పైకీ కిందకీ ఆడకుండా పై పైన ఊపిరి ఎలా తీసుకోవాలో మాస్టారు ముందే నేర్పేవాడు. జనం మంచి ఊపులో ఉండి "ఒన్స్ మోర్" అన్నారా, చంద్రమతి మళ్లీ అందుకునేది. శవం మళ్లీ అంతసేపు పడుకోవాలి.

మా పక్కింటి కుర్రాడు ఒకడు, నాకంటే చిన్నవాడు, ఆ వేషం వేశాడు. ఒకరాత్రి ఒన్స్ మోర్ మీద ఒన్స్ మోర్ పడింది. తెర దించాక మాస్టారు పరుగెత్తుకొచ్చి చూస్తే వాడి మెడ మీద చీమలు కుట్టి ఎర్రగా దద్దుర్లు. కరుస్తున్నప్పుడు తెలియలేదా అని తల్లి ఏడుస్తూ అడిగింది. "తెలిసింది. కానీ నేను చచ్చిపోయాను కదా" అన్నాడు వాడు. తొమ్మిదేళ్లవాడు! అలా చెప్పగలిగినవాణ్ణి నటుడంటారు గానీ నేచురల్ అనరు.

చీమలు కుట్టడం మంచిదని నేను అనడం లేదురా, అలా చూడకు. వాడి తల్లి మాస్టార్ని నాలుగు దులిపింది, అందులో న్యాయం ఉంది. నేను చెప్పేది వాడి బుర్రలో ఆ పాత్ర ఎంత లోతుగా దిగిందో అని.

ఇది మా ఊరి కథేనని తోసెయ్యకు. అంజలీదేవి గారు పెద్దాపురం పిల్ల. సీతమ్మ అంటే ఇప్పటికీ మాకు ఆవిడ మొహమే. ఆవిడా చిన్నప్పుడు లోహితాస్యుడి వేషం కట్టినావిడే. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో నలిగి పైకొచ్చింది. ఆ క్లబ్బులో తిరిగిన జనాన్ని తీస్తే సగం తెలుగు సినిమా అక్కడే కనిపిస్తుంది.

ఇక సురభి వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచకవధ' ఆడించి మొదలుపెట్టిన కుటుంబాలు అవి. వాళ్ల పిల్లలకి నటన నేర్పే బడంటూ వేరే లేదు, డేరాయే బడి. పాక్కునే వయసులో బాలకృష్ణుడు, నడక వస్తే ప్రహ్లాదుడు, కాస్త ఎదిగితే అభిమన్యుడు, ముసలితనం వస్తే భీష్ముడు. అదే కుర్రాడు పొద్దున తెరలు కుట్టేవాడు, మధ్యాహ్నం పద్యం వల్లించేవాడు, రాత్రి ఇంద్రసభలో ఎగిరేవాడు. సురభి కమలాబాయి తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చి రంగస్థలం మీదే ప్రసవించిందని పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు. ఆ కమలాబాయే 1932లో హెచ్.ఎం. రెడ్డి గారి 'భక్త ప్రహ్లాద'లో లీలావతి. తెలుగులో మొదటి మాట్లాడే సినిమా అది. అందులో ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావు అనే కుర్రాడు. చూడరా, మన సినిమా నోరు తెరిచి మాట్లాడిన మొదటి రోజున దాని కథ అంతా ఒక పిల్లవాడి మీదే నడిచింది.

పిల్లల మీద అంత నమ్మకం ఉంచినవాడు మావైపు ఇంకొకాయన ఉన్నాడు, చిత్తజల్లు పుల్లయ్య గారు. కాకినాడ మనిషి. మూకీల రోజుల్లోనే కాకినాడలో మార్కండేయుడి కథ తీశాడు. 1934లో కలకత్తా వెళ్లి, ఈస్టిండియా ఫిలిం కంపెనీవాళ్లకి 'లవకుశ' తీసి పెట్టాడు. అది ఊళ్లకి ఊళ్లని ఊపేసింది. మళ్లీ రెండేళ్లకి, 1936లో, ఇప్పుడు ఎవరూ తలపెట్టని పని చేశాడు. 'సతీ అనసూయ', 'ధ్రువ విజయం' అని రెండు కథలు తీసి, రెండూ ఒకే ఆటలో చూపించాడు. అందులో వేషాలన్నీ పిల్లలవే. అత్రి మహామునీ పిల్లవాడే, అనసూయా పిల్లే, త్రిమూర్తులూ పిల్లలే.

ఆ అనసూయ వేషం కట్టిన పిల్ల సి. కృష్ణవేణి. 1924 డిసెంబరులో గోదావరి జిల్లాలో పుట్టింది. రాజమండ్రి వైపు నాటకాల్లో చిన్నప్పటినుంచే వేషాలేస్తుండేది. పుల్లయ్య గారు పిల్లల కోసం వెతుక్కుంటూ వచ్చింది నాటకాల దగ్గరికే. అక్కడే ఈ పిల్ల ఆయన కంటపడింది. ఫొటో చూసి పిలవలేదురా! నిలబడి పాడుతుంటే చూశాడు, జనం మధ్య కూర్చుని విన్నాడు. ఆ గొంతు చివరిదాకా పోతోందా, పద్యం మధ్యలో ఊపిరి తెగుతోందా, ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు పిల్ల కళ్లు ఎక్కడున్నాయి, ఇవన్నీ నాటకంలోనే తెలిసిపోతాయి. నాటకం చూశాక మళ్లీ ఆడిషన్ ఎందుకు?

పదకొండేళ్ల పిల్ల రాజమండ్రి నుంచి రైలెక్కి కలకత్తా పోయింది. ముగ్గురు దేవుళ్లని పసిబిడ్డలుగా మార్చి పాలిచ్చే మహాతల్లి వేషం పదకొండేళ్ల పిల్ల వెయ్యడమంటే ఏమిటో ఒకసారి ఆలోచించు. అమాయకత్వం చూపిస్తే సరిపోయే వేషం కాదు. పాతివ్రత్యం, వాత్సల్యం, అతిథులుగా వచ్చినవాళ్ల గొంతెమ్మ కోరిక విన్నప్పుడు కలిగే సంకటం, ఇవన్నీ ఆ మొహంలో పలకాలి.

పైగా పాట తనే పాడుకోవాలి. ఇది మీ తరానికి ఎంత చెప్పినా ఎక్కదు. అప్పుడు నేపథ్యగానం లేదు. నటించేవాడే పాడాలి, అదీ కెమెరా తిరుగుతుండగానే. హార్మోనియం, ఫిడేలు, తబలా వాళ్లు కెమెరాకి కనపడకుండా పక్కన సర్దుకుని కూర్చునేవాళ్లు. మైకు ఎక్కడో పైన. పిల్ల పాడుతూ నడవాలి, నడుస్తూ నటించాలి, మైకుకి దూరం కాకూడదు, శ్రుతి తప్పకూడదు, తాళం తప్పకూడదు. ఒక్క మాట జారితే మళ్లీ మొదటినుంచి. ఫిలిం అంటే డబ్బు, వృథా చేస్తే నిర్మాత గుండె గుభేలుమనేది. మీవాడిలా ముప్ఫైసార్లు తీసి, అందులో బాగున్నది ఉంచుకుని మిగతావి చెరిపేసే వెసులుబాటు లేదు.

అదే సినిమాలో గంగ వేషం కట్టిన చిన్నపిల్ల రావు బాలసరస్వతి. ఆరేళ్లకే గ్రామఫోను రికార్డుకి పాడిన పిల్ల అది. ఆ తరవాత, తెరమీద వేరొకరు పెదవులు కదుపుతుంటే వెనకనుంచి పాడే పద్ధతి వచ్చినప్పుడు తెలుగులో తొలి నేపథ్యగాయనిగా పేరు ఆవిడకే వచ్చింది, 1943లో 'భాగ్యలక్ష్మి'తో. చిన్నప్పుడు కెమెరా ముందు నిలబడి పాడినావిడ గనక, తెరమీద పెదవి ఎక్కడ కదులుతుందో ఎక్కడ ఆగుతుందో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేకపోయింది.

సరే, కృష్ణవేణి గారి దగ్గరికి వద్దాం. ఈ రోజుల్లో బాలనటుల గతి ఏమిటి? ఒక సినిమా ఆడుతుంది, ఊరంతా ఎత్తుకుంటుంది, మీసాలు మొలిచేసరికి అడిగేవాడుండడు. వాడికి ముద్దు మొహం తప్ప మరొకటి లేదు గదా, ముద్దు పోగానే అంతా పోతుంది. పచ్చికుండలో నీళ్లు పోస్తే ఎంతసేపు నిలుస్తాయి? కృష్ణవేణి గారు అలా పోలేదు. పెద్దదై మద్రాసు వెళ్లింది, కథానాయిక అయింది. మీర్జాపురం రాజావారిని పెళ్లాడింది, శోభనాచల స్టూడియో వ్యవహారాలు చూసింది. తనను పదకొండేళ్లప్పుడు ఏరి తెచ్చిన పుల్లయ్య గారే 1947లో 'గొల్లభామ' తీస్తే అందులో కథానాయిక ఆవిడే. అదే సినిమాలో మోహినిగా కనిపించి జనం నోళ్లలో పడింది అంజలీదేవి గారు.

మరి రెండేళ్లకి కృష్ణవేణి గారు తనే నిర్మాతై ఎల్.వి. ప్రసాద్ గారితో 'మనదేశం' తీసింది. ఆ సినిమాకి ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు వేషానికి మనిషి కావలసి వచ్చాడు. ఆ వేషంతో తెరకెక్కినవాడు నందమూరి తారక రామారావు. సంగీతం ఘంటసాల గారికి అప్పగించింది. కుర్చీలో కూర్చుని మనిషిని చూసి వీడు పనికొస్తాడని తేల్చడానికి కన్ను ఉండాలి. ఆ కన్ను ఆవిడకి ఎక్కడ వచ్చిందంటావ్? నాటకాల తెర వెనక నిలబడి పెద్దవాళ్లని చూసిన రోజుల్లో వచ్చింది. ఆవిడకి రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చారు. నిండు నూరేళ్లు బతికి, 2025 ఫిబ్రవరిలో వెళ్లిపోయింది. ఆ రోజు మీ ఫోన్లలో ఆవిడ ఎవరో ఎంతమందికి తెలుసని అడిగితే నా నోరు చేదెక్కుతుంది, వదిలేద్దాం.

నేను కళ్లారా చూసిన ముచ్చట చెబుతాను. అదీ పుల్లయ్య గారిదే. 1963 'లవకుశ'. తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా. ఆయన మొదలుపెట్టాడు, మధ్యలో డబ్బు ఆడక ఏళ్లూ పూళ్లూ ఆగిపోయింది, ఆయన ఆరోగ్యం దెబ్బతింది, చివరికి కొడుకు సి.ఎస్. రావు గారు పూర్తి చేశాడు. లవుడు నాగరాజు, కుశుడు సుబ్రహ్మణ్యం. ఆ కుర్రాళ్ల అవస్థ ఊహించు. సినిమా ఆగింది, మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో తెలియదు, ఈలోగా పిల్లలు ఎదుగుతారాయె. ఇప్పటివాళ్లైతే ఈలోగా మరో నాలుగు ప్రకటనల్లో చేసేసి, జుట్టు కత్తిరించేసుకుని, పేరు మర్చిపోయి ఉందురు.

సినిమా వచ్చింది. మా ఊళ్లో బళ్లు కట్టారు. ఎడ్లకి గంటలు, బండిలో గడ్డి, గడ్డి మీద జంపఖానా, పులిహోర మూటలు, మా నాయనమ్మ, ఇద్దరు మేనత్తలు, మేం పిల్లలం. కాకినాడ చేరేసరికి హాలు చుట్టూ బళ్లే. ఎద్దులు ఎక్కడివక్కడ నెమరేస్తున్నాయి, జనం చెట్లకింద వంటలు చేసుకుంటున్నారు. ఈ ఆటకి టిక్కెట్టు దొరక్కపోతే పై ఆట, పై ఆటకి దొరక్కపోతే రేపు. ఎవరికీ తొందర లేదు. హాల్లో తెరమీద ఎన్టీ రామారావు రాముడుగా సింహాసనం మీద కూర్చుంటే జనం చేతులెత్తి దండం పెట్టారు. కానీ రామాయణం పాడుకుంటూ ఆ ఇద్దరు పిల్లలు అయోధ్య వీధిలో నడిచి వచ్చినప్పుడు మా నాయనమ్మ నోటి వెంట మాట రాలేదు.

ఆ పాటలు పాడింది లీల గారు, సుశీల గారు. కుర్రాళ్లు పాడలేదు, నిజమే. 1934 నాటికీ 1963 నాటికీ అక్కడొక మెట్టు దిగాం అనుకో. అయినా వాళ్ల మెడ నరాలు చూడు, గుక్క తిప్పుకునే చోటు చూడు, వేళ్లు తాళం వేసే తీరు చూడు. పాట తమదే అన్నట్టు పాడారు తప్ప పెదాలు ఆడించి ఊరుకోలేదు. ఎదురుగా ఉన్నది అంతటి రామారావు, పక్కన అంజలీదేవి. బెదిరిపోకుండా వాళ్ల కళ్లలోకి చూసి డైలాగు చెప్పారు. గుక్క తిప్పుకోకుండా అంతేసి సమాసాలు! మీవాడికి "ఋషి" అనమంటే "రుసి" అంటున్నాడు. దిద్దావా ఎప్పుడైనా? దిద్దవు, క్యూట్‌గా ఉందంటావు.

నువ్వు చూశావో లేదో, ఇక్కడొక వరస ఉంది. నాటకంలో పాడుతున్న పిల్లని పుల్లయ్య గారు చూసి తెచ్చాడు. ఆ పిల్ల పెద్దదై రామారావుకి మొదటి వేషం ఇచ్చింది. ఆ రామారావు పుల్లయ్య గారి సినిమాలో రాముడై, నాటకాల్లో లోహితాస్యుడై పెరిగిన అంజలీదేవి పక్కన నిలబడి, ఇద్దరు కుర్రాళ్ల పాట విన్నాడు. ఒకరి చెయ్యి పట్టుకుని ఒకరు పైకొచ్చిన సంసారం ఇది. ఆ చేతులు ఇప్పుడేవి? నీ కొడుక్కి చెయ్యి పట్టుకుని నేర్పేదెవరు? ఫోనా?

ఆ తరవాత కూడా కొన్నాళ్లు బాగానే నడిచింది. 1967లో ఏవీఎం వాళ్ల 'భక్త ప్రహ్లాద'కి రోజారమణి అనే ఏడేళ్ల పిల్ల వచ్చింది. ఎదురుగా హిరణ్యకశిపుడుగా ఎస్వీ రంగారావు. ఆ మనిషి గద భుజాన వేసుకుని నడిస్తే హాల్లో మాకే గుండె దడదడలాడేది. ఆ పిల్ల తొణక్కుండా బెణక్కుండా చేతులు జోడించి నిలబడింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు నారదుడు. తీసింది చిత్రపు నారాయణమూర్తి గారు, పాతికేళ్ల కిందట ఇదే కథ ఒకసారి తీసి ఉన్నవాడు. ప్రహ్లాదుణ్ణి పిల్లచేత ఎలా పలికించాలో ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? రోజారమణి గారు తరవాత కథానాయిక అయింది, ఎందరికో తెరవెనక గొంతు అరువిచ్చింది. ఆవిడ కొడుకు తరుణ్ కూడా చిన్నప్పుడు 'అంజలి'లో నటించి జాతీయ పురస్కారం అందుకున్నాడు. ఇంట్లో చూసి నేర్చుకునే పిల్లలకి మాత్రం ఇప్పటికీ ఢోకా లేదు. ఒప్పుకుంటాను.

ఇంకోటీ ఒప్పుకోవాలి. మా రోజుల్లో వేషం కట్టిన పిల్లలకి చదువు ఉండేది కాదు. రాత్రంతా నాటకం, పగలంతా నిద్ర, బళ్లో పేరు కొట్టేసేవాళ్లు. వచ్చిన డబ్బు పెద్దవాళ్లది. మాస్టారు బెత్తం ఎత్తితే అడిగేవాడు లేడు. దాన్ని మంచని నేను చెప్పను. ఇప్పుడు చట్టం ఉంది. 2016లో బాలకార్మిక చట్టం సవరించి, మరుసటి సంవత్సరం నియమాలు పెట్టారు. పిల్లలచేత రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా వరసగా 3 గంటలు దాటకూడదు, ఏకధాటిగా 27 రోజులకి మించి తిప్పకూడదు, జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి, సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేర బ్యాంకులో వెయ్యాలి. ఇది చదివినప్పుడు మా పక్కింటి కుర్రాడి మెడ గుర్తొచ్చి మనసు కుదుటపడింది. మంచి పని చేశారు.

కానీ అబ్బాయ్, ఆ నియమాలు సెట్టు మీద పిల్లవాణ్ణి కాపాడతాయి. నీ ఇంట్లో ఎవరు కాపాడతారు? నువ్వు పొద్దున లేచింది మొదలు వాడి మొహం ముందు ఫోను పెట్టి, "మళ్లీ చెప్పు, ఇంకోసారి నవ్వు, ఈసారి కాస్త ఇటు తిరిగి" అంటుంటే దానికి ఏ మేజిస్ట్రేటు అనుమతి ఉంది? అందులో గురువు లేడు, పద్యం లేదు, ఎదురుగా కూర్చుని కంటనీరు పెట్టే ముసలమ్మ లేదు. ఎంతమంది చూశారన్న అంకె ఒక్కటే ఉంది. లోహితాస్యుడు బాగా పడుకున్నాడా లేదా అన్నది ఆ రాత్రి జనం ఏడిస్తే వాడికి తెలిసిపోయేది. మీవాడికి ఆ అంకె చూసి ఏం తెలుస్తుంది?

సెట్టు మీద మాత్రం ఏముంది? ఏడుపు సీను వస్తే కళ్లలో గ్లిజరిను. డైలాగు రాకపోతే తరవాత వేరెవరిచేతో డబ్బింగు చెప్పిస్తారు. నటించేది ఒకడు, పలికేది మరొకడు. పిల్లవాడి పనల్లా చెప్పినచోట నిలబడి చెప్పినవైపు చూడటం. దాన్ని నటన అంటే మా మాస్టారు హార్మోనియం మూసేసి లేచిపోయేవాడు.

అంతా చెడిపోయిందని నేను గొణుగుతూనే ఉంటాను, నువ్వు వింటూనే ఉంటావు, రేపు పొద్దున మీవాణ్ణి ఆడిషన్‌కి తీసుకుపోతూనే ఉంటావు. పో. కానీ ఒక్క పని చెయ్యరా, పెద్దవాణ్ణి అడుగుతున్నాను. సురభి వాళ్లు ఇంకా నాటకాలు ఆడుతున్నారు. అందులో పిల్లలు ఇంకా వేషాలు వేస్తున్నారు. హైదరాబాదులో వాళ్ల ఆట పడినప్పుడు టిక్కెట్టు కొని మీవాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టు. ఆట అయ్యాక తెర వెనక్కి తీసుకెళ్లి, ఆ పిల్లల్ని ఎలా నేర్చుకున్నారో అడగనివ్వు. వచ్చాక ఊళ్లో ఎవరైనా పద్యం చెప్పేవాళ్లుంటే, సంగీతం మాస్టారుంటే, వాళ్ల దగ్గర కూర్చోబెట్టు. ఫోను ఇంట్లో పెట్టి వెళ్లు. రెండేళ్లు నేర్చుకోనీ, ఆ తరవాత ఎవరు పిలిచినా పంపు.